సద్దుల నాటి డబ్బా

నా నోరు మంచిది కాదని మా అత్తగారు పెళ్ళైన నెలకే తేల్చి చెప్పింది. ఆవిడ పోయి పదేళ్ళు దాటినా ఇంట్లో ఎవరూ ఆ మాట కాదనలేదు. అయినా నాకు నా మీద ఒక గౌరవం ఉండేది. సూర్యప్రభ నోటి దురుసు మనిషేగానీ అబద్ధాలాడే మనిషి కాదని నలుగురూ అనేవారు, నేనూ అనుకునేదాన్ని. రెండు వేల పదకొండులో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో, ఆ గౌరవం కాస్తా పోయింది. ఒకరు తీస్తే పోలేదు. చేతులారా పోగొట్టుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు చిన్న ల్యాబ్ ఉండేది. రక్తం, మూత్రం పరీక్షలు నేనే చేసేదాన్ని. బయాప్సీలాంటివి పెద్ద ల్యాబ్‌కి పంపి, రిపోర్టు రాగానే పేషెంటుకిచ్చి రిజిస్టర్‌లో సంతకం తీసుకోవడం నా పని. ల్యాబ్ మెట్ల పక్కన అండాలమ్మ పూలమ్మేది. నల్గొండ వైపు నుంచి వచ్చిన మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్దదే అయినా నన్ను అక్కా అనేది. సాయంత్రం బుట్ట మా వరండాలో పెట్టి ఇంటికి పోయేది. నేను వారానికోసారి ఆమె బీపీ చూసేదాన్ని. పన్నెండేళ్ళలో నేను కూరో పులిహోరో పెట్టిచ్చిన గిన్నె ఏదీ ఆమె ఖాళీగా తిరిగివ్వలేదు. ఏమీ లేకపోతే అడుగున రెండు చామంతులైనా ఉండేవి. ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా పంపకూడదన్నది మా వైపూ ఉంది, వాళ్ళ వైపూ ఉంది. తెగతెంపులు చేసుకున్నవాళ్ళే ఖాళీది పంపుతారు.

సమ్మె మొదలవడానికి ముందురోజు, సెప్టెంబర్ పన్నెండున, ఆమె భర్త మట్టయ్య ఒక ప్లాస్టిక్ సీసా పట్టుకుని వచ్చాడు. అతను కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. బత్తాయి బస్తాలు మోసే మనిషి ఆ అరచేతిలో పట్టే సీసాని రెండు చేతులతో పట్టుకొచ్చాడు.

"అండాలుకు ఆపరేషన్ అయింది అక్కా. గిది మీకియ్యమన్నరు దవాఖానల."

ఫార్మలిన్‌లో మునిగి ఉన్న పిత్తాశయం అది. రాళ్ళున్నాయని చంపాపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో కడుపుకు నాలుగు చిల్లులు పెట్టి తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపడం మామూలే.

"రాళ్లైతే ఎల్లినయి గద. మళ్ల పరీక్ష ఎందుకక్కా?" అన్నాడు.

"రాళ్ళ కోసం కాదయ్యా. అవి ఉన్న సంచికి ఏమైనా అయిందేమో చూస్తారు. పది రోజుల్లో వస్తుంది, వచ్చి తీసుకో," అన్నాను.

వారం తిరక్కుండానే అండాలమ్మ మళ్ళీ మెట్ల దగ్గర కూర్చుంది. ఆ రాళ్ళని చిన్న సీసాలో పోసి తెచ్చుకుంది. పూలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించేది.

"పదకొండక్కా. లెక్కవెట్టుకో. గీ పెద్దది సూడు, శనగ్గింజంత ఉన్నది. మా ఆయన బస్తాలు మోసిండు, నేను రాళ్లు మోసిన."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. రాళ్ళను చూసి మురిసిపోతున్న ఆమెకు సంచి గురించి బెంగే లేదు. ఆ రోజే, చామంతులు గుచ్చుతూ గుచ్చుతూ, "తెలంగాణ వస్తే నువ్వు పోతవా అక్కా?" అని అడిగింది.

"ఎక్కడికి పోతానే? రేపల్లె వదిలి ఇరవై రెండేళ్ళయింది."

"పోకు. నా బీపీ ఎవరు చూస్తరు?" అంది. దారం తెంపి, "మా ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగి మా అత్త నడుము ముప్పై ఏండ్లకే ఒంగింది. ఏ సర్కారూ సూడలే. గందుకే మేం కొట్లాడుతున్నం. నీ మీద కాదు," అంది. ఆ మాట ఆమె అన్నదని నేను మర్చిపోలేదు. మర్చిపోయి చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

సెప్టెంబర్ ఇరవై రెండు సాయంత్రం పెద్ద ల్యాబ్ మనిషి బైక్ మీద వచ్చి కవర్లు ఇచ్చిపోయాడు. అందులో అండాలమ్మది ఒకటి. మామూలుగా అయితే అప్పుడే విప్పి చూస్తాను. ఆ పూట ఇద్దరు పేషెంట్లు కూర్చుని ఉన్నారు, రేపు చూద్దాంలే అని నా బల్ల సొరుగులో పెట్టాను.

మర్నాడు పొద్దున పదింటికి ఓ ముప్పై మంది జెండాలతో సందులోకి వచ్చారు. ఒక్కో దుకాణం మూయించుకుంటూ వస్తున్నారు. నేను గుమ్మంలోకి వచ్చి, "ఆసుపత్రులకీ మందుల షాపులకీ మినహాయింపు ఉంది కదా," అన్నాను.

"ల్యాబ్ దవాఖాన ఎట్లయితది మేడం?" అన్నాడు ముందున్న కుర్రాడు. "మీ ఆంధ్రోళ్లకు రూల్స్ మంచిగ ఎర్కే."

ఆ మాట నాకు పెద్దగా తగల్లేదు. అలాంటివి రోజూ వింటున్నాం. మా ఎల్బీనగర్‌లో టిఫిన్ సెంటరాయన బోర్డు మీద సొంత ఊరి పేరుకి తనే తెల్లరంగు వేయించుకున్నాడు. నాకు తగిలింది ఏమిటంటే, ఆ గుంపులో వెనగ్గా మట్టయ్య ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"నువ్వు చెప్పు మట్టయ్యా, మూయమంటావా?" అని అందరి ముందూ అడిగాను.

అతను అటూ ఇటూ చూశాడు. వాళ్ళందరూ అతన్నే చూస్తున్నారు. "జర దించుండ్రి అక్కా. రెండు దినాలే గద," అన్నాడు మెల్లగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పన్నెండేళ్ళు నా నీడన బుట్ట పెట్టుకున్నవాళ్ళు నా షట్టరు దించమంటారా అని. అతన్ని ఆ ఇరుకులో నిలబెట్టింది నేనేనని అప్పుడు తోచలేదు. షట్టరు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఊగేలా లాగి కిందికి కొట్టాను.

మూడు రోజులాగి, సోమవారం పొద్దున, షట్టరు సగం ఎత్తి లోపల కూర్చున్నాను. బస్సుల్లేవు. ఎల్బీనగర్ నుంచి నడిచొచ్చాను. కాళ్ళు పీకుతున్నాయి. షట్టరు కింద నుంచి మట్టయ్య వంగి చూశాడు.

"అక్కా, అండాలు రిపోర్టు వచ్చిందా?"

కవరు నా మోకాలికి జానెడు దూరంలో, సొరుగులో ఉంది. అప్పటికింకా నేను విప్పలేదు. విప్పి ఉంటే అలా అనేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటాను. అనుకోవడం వల్ల ఒరిగేదేముంది.

"బంద్ కదా మట్టయ్యా. మూయమన్నది మీరే కదా. మీ సమ్మె అయ్యాక రా," అన్నాను.

అతను కోప్పడలేదు. "గట్లనా అక్కా," అని వంగిన నడుముతోనే వెనక్కి వెళ్ళాడు. నాకు ఆ పూట చాలా హాయిగా అనిపించింది. అది కూడా చెప్పాలి. ఇంటికెళ్ళి మా ఆయన రామమోహనరావుకి గొప్పగా చెప్పాను కూడా. ఆయన పేపరు మడిచి, "జబ్బు మనుషుల దగ్గరా నీ పంతం? రేపు పిలిచి ఇచ్చెయ్," అన్నాడు. ఇస్తాలే అన్నాను.

ఇవ్వాలనే అనుకున్నాను. కానీ పిలిచి ఇస్తే ఆ రోజు దగ్గర పెట్టుకునే ఇవ్వలేదని తెలిసిపోతుంది. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు ఇంటికి నడిచి వెళుతుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి, డేగిసాలు ఎక్కించి, వండుకుని అక్కడే తింటున్నారు. నిరసన అంటే అదీ ఒక పద్ధతి. మట్టయ్య పెద్ద గరిటెతో అన్నం కలుపుతూ నన్ను చూశాడు. గరిటె పక్కవాడికిచ్చి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"జరంత తినిపోండి అక్కా. సాంబారు మంచిగైంది."

"వద్దులే."

"అక్కా, గా రిపోర్టు... డాక్టరు సారు ఫోన్ల అడిగిండు."

చుట్టూ జనం. ఇప్పుడు ఉందంటే మొన్న ఎందుకివ్వలేదంటాడు. నా నోట్లోంచి అనాయాసంగా ఊడిపడింది. "ఇంకా రాలేదు మట్టయ్యా. సమ్మె కదా, పెద్ద ల్యాబ్‌వాళ్ళు పంపట్లేదు."

"సరే అక్కా. అదే చెప్త సారుకు," అన్నాడు. నమ్మేశాడు. ఎందుకు నమ్మడు? నేను అబద్ధాలాడే మనిషిని కాదు కదా.

బతుకమ్మ పండగ ఆఖరి రోజు, సద్దుల సాయంత్రం, అండాలమ్మే వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, కాస్త నీరసంగా ఉంది గానీ మొహం కళగా ఉంది. కూతురు జ్యోతిక పెద్ద బతుకమ్మ పేర్చిందని, డిగ్రీ చదువుతున్నా పూల పని మర్చిపోలేదని మురిసిపోతూ చెప్పింది. ఓ స్టీలు డబ్బా నా బల్ల మీద పెట్టింది.

"సత్తుపిండి అక్కా. నువ్వులది, పల్లీలది. మా ఆయన మీద కోపమొచ్చిందంట గద నీకు. షట్టర్ దించమన్నడని. ఆయన ముందల నడిచేటోడు కాదు, ఎన్క నడిచేటోడు. ఇడ్సిపెట్టు."

"కోపమేం లేదులే," అన్నాను.

చేయి చాపితే సొరుగు. తాళం కూడా వేయలేదు. ఆమె రిపోర్టు మాట ఎత్తలేదు. రాళ్ళు పోయాయి, నొప్పి పోయింది, ఆమె లెక్కలో జబ్బూ పోయింది. నేను తీసి ఇవ్వచ్చు. ఇస్తే, వంటావార్పు దగ్గర నేను చెప్పింది అబద్ధమని ఆమె మొహాన ఒప్పుకోవాలి. మూత తీసి సత్తుపిండి చిటికెడు నోట్లో వేసుకుని, "బాగుంది," అన్నాను. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. డబ్బా ఇంటికి తీసుకెళ్ళాను. దీపావళికి అరిసెలు పెట్టి తిరిగిద్దామనుకున్నాను.

అక్టోబర్ ఇరవై నాలుగున సమ్మె ఆగింది. మర్నాడు షట్టరు పూర్తిగా ఎత్తి, సొరుగు సర్దుతూ, ఒక్కో కవరు విప్పి చూశాను. అండాలమ్మది మూడోది.

క్యాన్సర్ అని ఉంది. సంచి గోడలో కండపొర దాటిందని, మళ్ళీ ఆపరేషన్ విషయం వెంటనే చూడాలని రాసి ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో.

అప్పుడైనా వెంటనే పరిగెత్తానా? లేదు. దీపావళి కదా, పండగ పూట చెప్పడమెందుకని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పండగ నాలాంటివాళ్ళకు బాగా పనికొస్తుంది. ఇరవై ఎనిమిదిన మట్టయ్యకు కబురు పంపాను. క్యాన్సర్ రిపోర్టు అందిన రోజే పేషెంటుకివ్వాలన్నది పెద్ద ల్యాబ్‌వాళ్ళ మొదటి రూలు. నెలాఖరుకి వాళ్ళ మనిషి వచ్చి రిజిస్టర్ చూస్తాడు. అందుకని, ఇచ్చిన తేదీ అన్న గడిలో సెప్టెంబర్ ఇరవై రెండు అని రాశాను. కవరు మీదా అదే రాశాను. మట్టయ్యకు పేరు రాయడం తప్ప చదవడం రాదు. నేను వేలు పెట్టి చూపించిన చోట నాలుక పంటి కింద పెట్టుకుని, మెల్లగా, మూడక్షరాలూ వంకర టింకరగా రాశాడు.

"ఏముందక్కా ఇండ్ల?"

"డాక్టరుకి చూపించు. ఈ రోజే చూపించు," అన్నాను. ఈ రోజే అని గట్టిగా చెప్పడం నాకు బాగా వచ్చింది.

నర్సింగ్ హోమ్ డాక్టరు వాళ్ళని సిటీ అవతలి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి పంపాడు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు తోడుంటే బాగుంటుందని జ్యోతిక వచ్చి అడిగింది. వెళ్ళాను. ఎలా వెళ్ళానో, ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో. అండాలమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మేం ముగ్గురం లోపలికెళ్ళాం. సర్జన్ పెద్దాయన. నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పాడు.

"రాళ్ళని తీస్తే ఇలా బయటపడడం అప్పుడప్పుడూ జరుగుతుంది. ఒక రకంగా అదృష్టమే, లేకపోతే కామెర్లు వచ్చేదాకా తెలీదు. ఈమెకు కామెర్లు లేవు, అది మంచి మాట. గోడ దాటి బయటికి రాలేదు, అదీ మంచిదే. అయితే లివరు వైపు అంచులో ఏమైనా మిగిలిందా, చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్లోకి పాకిందా అన్నది మళ్ళీ తెరిచి చూస్తేగానీ తెలీదు. ఎన్నాళ్ళు బతుకుతుందన్నది దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందమ్మా. ఇంకోటి టైము. మొదటి ఆపరేషన్ అయ్యాక నెలా, మహా అయితే రెండు నెలల లోపల ఈ రెండోది అయిపోతే మేలు."

ఆ మాట అంటూ కవరు తిప్పి చూశాడు. కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు.

"సెప్టెంబర్ ఇరవై రెండున ఇచ్చారు కదా రిపోర్టు. ఇప్పుడు నవంబరు. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

జ్యోతిక తండ్రి వైపు తిరిగింది. "నాయినా?"

మట్టయ్య అడ్డంగా తల ఊపాడు. "మొన్న దీపావళి ఎన్కనే గద ఇచ్చిండ్రు," అన్నాడు. నా వైపు తిరిగాడు. "అక్కా, సమ్మెల నేనడిగితే రాలేదన్నరు గద?"

ముగ్గురూ నన్ను చూస్తున్నారు. అక్కడ చెప్పి ఉంటే అంతటితో పోయేది. నేను అన్నది ఇది: "అది వేరే రక్త పరీక్ష గురించి అని ఉంటాను. రిజిస్టర్‌లో నీ సంతకం ఉంది మట్టయ్యా."

అతను తన చేతి వంక చూసుకున్నాడు. సంతకం పెట్టిన చెయ్యి. "ఇచ్చే ఉంటరు," అన్నాడు చివరికి. "సమ్మెల తిరుగుతుంటి. నాకే యాదికి లేదు."

"జెండా పట్టుకుని తిరుగుడు యాదికుంటది, అమ్మ రిపోర్టు యాదికుండదా?" అంది జ్యోతిక. ఆ తర్వాత ఆ పిల్ల తండ్రితో మాట్లాడడం మానేసింది.

నవంబర్ పధ్నాలుగున ఆపరేషన్ అయింది. లివరు అంచు శుభ్రంగా ఉందన్నారు. తీసిన తొమ్మిది గ్రంథుల్లో రెండింట్లోకి పాకిందన్నారు. ఆ రెండింట్లోకి సెప్టెంబర్ ఇరవై రెండుకి ముందే పాకిందా, నా సొరుగులో కవరు ఉన్న ముప్పై ఆరు రోజుల్లో పాకిందా? తర్వాత ఏళ్ళల్లో ముగ్గురు డాక్టర్లని, ఎవరి కేసో అన్నట్టు అడిగాను. ముందే పాకి ఉండచ్చు, చెప్పలేం అన్నారు. ఆ రోజుల్లోనే పాకి ఉండచ్చు, చెప్పలేం అన్నారు. ముందే అని ఒక్కరు గట్టిగా చెప్పి ఉంటే వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టేదాన్ని. అండాలమ్మ ఆ తర్వాత రెండు బతుకమ్మలు ఆడింది. మూడోదానికి లేదు.

కానీ నేను చెప్పాల్సింది ఆ డిసెంబరు సంగతి. మందులు ఎక్కిస్తున్నారు కాబట్టి వారం వారం ఆమెకు రక్త పరీక్ష చేయాలి. ఇంటికెళ్ళి నేనే రక్తం తీసుకొచ్చేదాన్ని, కాగితం తీసుకోవడానికి మట్టయ్య వచ్చేవాడు. పంతొమ్మిదో తేదీన వచ్చి, కాగితం అందుకుని, కదలకుండా నిలబడ్డాడు.

"ఏంటి మట్టయ్యా?"

అరచెయ్యి చాపాడు. అందులో బాల్‌పెన్నుతో ఏదో రాసి ఉంది, చెమటకి సగం చెరిగింది. ఆసుపత్రిలో నర్సు రాసిన తేదీ అట.

"గీ కాయితం ఏ దినం ఇచ్చిండ్రో నా చేతిల రాయుండ్రి అక్కా. బిడ్డకు చూపియ్యాలె. నా యాది మంచిగ లేదు. మార్కెట్ల బస్తాలు లెక్కవెట్టుడు నేనే చేస్తుంటి. ఇరవై ఏండ్లాయె. మొన్న వద్దని చెప్పిన. అండాలు రిపోర్టే మర్చినోణ్ని, లారీ లెక్క ఏం యాదికుంటది?"

అతని చెయ్యి పట్టుకుని తేదీ రాశాను. ఆ మనిషికి నేను రాసిచ్చిన మొదటి నిజం తేదీ అది. అతను దాన్ని నోటితో ఊది ఆరబెట్టుకుంటూ మెట్లు దిగాడు.

ఇక కూర్చోలేకపోయాను. షట్టరు దించి, రిజిస్టర్ సంచిలో పెట్టుకుని, మార్కెట్ వెనక బస్తీలో వాళ్ళ గదికి వెళ్ళాను. అండాలమ్మ మంచం మీద గోడకానుకుని కూర్చుంది. చిక్కి సగమైంది. జ్యోతిక కింద చాప మీద చదువుకుంటోంది. మట్టయ్య గడప బయట చెంబుతో కాళ్ళు కడుక్కోబోతున్నాడు.

"కూసో అక్కా," అంది అండాలమ్మ.

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "రిపోర్టు సెప్టెంబర్ ఇరవై రెండునే వచ్చింది. మట్టయ్యకి నేను ఇచ్చింది దీపావళి వెళ్ళాక. రిజిస్టర్‌లో తేదీ నేను దొంగది వేశాను. అతను రెండుసార్లు అడిగాడు. మొదటిసారి కోపంతో ఇవ్వలేదు. రెండోసారి రాలేదని అబద్ధం చెప్పాను."

జ్యోతిక లేచి నిలబడింది. "దవాఖానల నా ముందలనే అన్నరు గద ఆంటీ. సంతకం ఉన్నదని."

"అన్నాను."

"నెలన్నర సంది నేను మా నాయినతోని మాట్లాడుతలేను."

"తెలుసు."

ఆ పిల్ల నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. నా చేతిలోంచి రిజిస్టర్ తీసుకుని, ఆ పేజీ వెతికి, చాప మీది పెన్ను నా చేతికిచ్చింది. "గది కొట్టేసి నిజం తేదీ రాయుండ్రి. కింద మీ సంతకం పెట్టుండ్రి." రాశాను. పెట్టాను.

అప్పుడు అండాలమ్మ అడిగింది. "సద్దుల నాడు నేనొచ్చిన గదక్కా. గప్పుడు యాడున్నది అది?"

"సొరుగులో."

"ఏ సొరుగుల?"

"నేను కూర్చునే బల్లకి."

"నేను సత్తుపిండి వెట్టిన బల్లకా?"

"ఆ."

ఆమె తల ఊపింది. కిటికీలో మందు సీసాల పక్కన ఆ రాళ్ళ సీసా ఇంకా ఉంది. దాని వంక చూస్తూ, "రాళ్లను చూసి మురిసినం, సంచిని మరిసినం," అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

గడప దగ్గర చెంబు చప్పుడైంది. మట్టయ్య లోపలికి వచ్చాడు. కాళ్ళు తడిగానే ఉన్నాయి.

"అయితే నేను మర్వలే," అన్నాడు.

"లేదు మట్టయ్యా."

"వంటావార్పు కాడ రాలేదనే అన్నరు గద మీరు?"

"అవును. అదే అన్నాను."

"నాకు గట్లనే యాదికున్నది. దినాం అనుకుంట, గట్లనే అన్నది గద అక్క అని." అతని మొహం వెలిగిపోయింది. నా మీద కోపం రావడానికి కూడా అందులో చోటు లేదు. "విన్నవా బిడ్డా, నేను మర్వలే. అండాలూ, నేను మర్వలే."

తిట్టినా భరించేదాన్ని. ఆ సంతోషం చూడలేక తల తిప్పుకున్నాను. ఒక మనిషి బుర్రని అతని చేతిలోంచే లాక్కుని, నెలన్నర తర్వాత నా దయలాగా తిరిగిస్తే, అతను దణ్ణం పెట్టేలా ఉన్నాడు. జ్యోతిక మాత్రం నా వైపు చూడలేదు. దండెం మీది తువ్వాలు తీసి తండ్రికిచ్చి, "కాళ్లు తుడుచుకో నాయినా. అన్నం పెడ్త," అంది.

నేను రిజిస్టర్ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. గడప దాటుతుంటే అండాలమ్మ పిలిచింది.

"అక్కా, నా స్టీలు డబ్బ నీ కాడనే ఉండిపోయింది."

"ఉంది అండాలూ. రేపే తెచ్చిస్తాను. నువ్వు తినగలిగేది ఏదైనా చేసి..."

"ఏం వెట్టకు," అంది. గొంతులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టే ఉంది. "ఖాళీదే తే."

ఇంటికెళ్ళి అలమరలోంచి ఆ డబ్బా తీశాను. మూత తీస్తే నువ్వుల వాసన ఇంకా వస్తోంది. తోమి, తుడిచి, ఆరబెట్టాను. మర్నాడు పొద్దున్నే తీసుకెళితే జ్యోతిక తలుపు దగ్గరే అందుకుంది. అందుకుని, మూత తీసి, లోపల ఏమీ లేదని చూసుకుని, లోపలికి వెళ్ళింది.